లస్కరు చెక్కిన గీత

పెదగట్టు,
24 జనవరి 2025

మావయ్యగారికి,

నిన్న ఫోన్ చేశాను. భవాని వదిన ఎత్తి మీ చెవి దగ్గర పెట్టింది. నేను గొంతు పోయేలా అరిచాక మీరు "ఆయ్, ఇక్కడ అందరం బాగున్నాం" అని పెట్టేశారు. నేను అడిగింది అది కాదు. అందుకని ఈ ఉదయం ముక్తేశ్వరం పోస్టాఫీసుకి వెళ్లి ఇన్‌లాండ్ కవర్లు పది కొనుక్కొచ్చాను. పెళ్లయిన కొత్తలో మస్కట్‌కి కూడా ఇన్ని ఉత్తరాలు రాయలేదని మీ అల్లుడు నవ్వుతారేమో, నవ్వుకోనివ్వండి.

సంగతేమిటంటే, ఈ దాళ్వా పంటకి మన బోదె కాలువ మీద నీటి వంతులు చూసే పని నాకు అప్పజెప్పారు. బంగారరాజు గారికి మోకాళ్లు అరిగిపోయాయి, ఇక గట్టు వెంట నడవలేనని చెప్పేశారు. సొసైటీ వరండాలో అందరూ కూర్చుని గంటసేపు మల్లగుల్లాలు పడ్డారు. ఎగువ పద్నాలుగు ఎకరాల వాళ్లు చెప్పిన పేరు శివారు పద్దెనిమిది ఎకరాల వాళ్లకి గిట్టదు. వీళ్లు చెప్పింది వాళ్లకి గిట్టదు. చివరికి మన పక్కచేను విజయకుమార్ గారు నా పేరెత్తారు. "సత్యం లస్కరు గారి మేనకోడలండి. గీత దాటదు" అన్నారు. శివారు వాళ్లలో కూడా ఎవరూ కాదనలేదు. ముప్పయ్యారేళ్లు మీరు లస్కరుగా కాలువ మీద చేసిన కాపలా ఇలా నా నెత్తిన పడింది.

నాకు తెలిసిందల్లా మీరు చిన్నప్పుడు చెప్పిందే. బోదె మొదట్లో తూము పక్కన రాయి ఉంటుంది, రాయి మీద మీరు చెక్కిన గీత ఉంటుంది. నీరు గీతకి పైనున్నంతసేపూ అందరూ చేలలోకి గండ్లు తెరుచుకోవచ్చు. గీత దిగితే ఎగువ వాళ్లు గండ్లు కట్టేసి, ఉన్న నీరంతా శివారుకి వదిలెయ్యాలి. అంతే కదా? ఇంకేమైనా ఉంటే రాయండి. ఈసారి కష్టంగానే ఉండేలా ఉంది. డిసెంబరులో కోతల మీద వాన కురిసి చేలు ఆరలేదు, ఊడ్పులు పదిహేను రోజులు వెనకపడ్డాయి. అక్కర్లేనప్పుడు కురిసిన వాన కావలసినప్పుడు వస్తుందన్న నమ్మకం ఎవరికీ లేదు. కాలువకి వారం వదిలి వారం కట్టేస్తారని అప్పుడే అంటున్నారు.

నిన్న గీతని కొబ్బరి పీచుతో తోమి, నాచు తీసి, గేటుకి వేయగా మిగిలిన తెల్ల రంగు వేశాను. ఇప్పుడు అవతలి గట్టు మీదికి కూడా కనబడుతోంది. అమ్మ ఉంటే మురిసిపోయేది. మీకు గుర్తుందా, చేలోకి వెళ్లినప్పుడల్లా ఆ గీత దగ్గర రెండు వేళ్లు ఆనించి కళ్లకద్దుకునేది. అన్నగారంటే అంత భక్తి ఉన్న చెల్లెలు కోనసీమలో ఇంకొకరు ఉండరని నాన్నమ్మ దెప్పుతూ ఉండేది.

మీ మందులు మానకండి. వదినని అడిగానని చెప్పండి.

ఉమ


దిండి,
30 జనవరి

ఉమకి మావయ్య రాసేది. నీకూ, మస్కట్‌లో ఉన్న మా అల్లుడికీ, బడికెళ్లే నీ కూతురికీ నా దీవెనలు ఎప్పుడూ ఉన్నవే, కొత్తగా రాసేదేం లేదు.

నీ ఉత్తరం చదువుకోవడానికి బాగుంది. అక్షరాలకి అరవాల్సిన పని లేదు. భవాని నాకు చెవి మిషను కొని తెచ్చింది. పెట్టుకుంటే ఇంట్లో గిన్నెల మోత, బయట హౌస్‌బోట్ల ఇంజన్ల మోత, హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు బోటు మీద పెట్టే పాటల మోత, అన్నీ ఒక్కసారిగా బుర్రలోకి దూరాయి. తీసి డబ్బాలో పెట్టేశాను. మనుషులు చెప్పేవాటిలో వినాల్సినవి తక్కువేనని ఈ వయసుకి తెలిసింది. భవాని అలిగింది. అలగనీ.

పని సంగతి చెబుతాను. తెల్లారగట్ల ఒకసారి, పొద్దు వాలేముందు ఒకసారి బోదె పొడుగునా నడువు. చెప్పులు వేసుకోకు. గట్టు కింద నీరు ఊరుతుంటే కళ్లకంటే ముందు పాదాలకి తెలుస్తుంది. వంతు రోజున ఎవరింటా కాఫీ తాగకు, మజ్జిగైనా సరే. ఎండ్రకాయ బొరియలు చూస్తూ ఉండు, నీటి దొంగల్లో సగం అవే. మిగతా సగాన్ని పట్టుకున్నప్పుడు నలుగురిలో పరువు తియ్యకు, ఇంటికి వెళ్లి చెప్పు. నేను అలాగే చేసేవాణ్ణి. గెడ్డపార పట్టుకుని కొట్టుకోబోయినవాళ్లు కూడా తర్వాత పెళ్లికి పిలిచేవారు.

గీతకి రంగెందుకు వేశావు? ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వాల్సింది. చూడాలనుకున్నవాడికి నాచు పట్టినా కనబడుతుంది. పోనీలే, నాలుగు వానలు పడితే అదే పోతుంది.

ఇక్కడ చలి తగ్గింది. నీ కూతుర్ని చదువుకోమను.

మావయ్య


పెదగట్టు,
9 ఫిబ్రవరి

మావయ్యగారికి,

చెప్పులు విప్పి నడుస్తున్నాను. మొదటి రోజే తుమ్మముల్లు దిగింది, మీ పేరు తలుచుకున్నాను. కాఫీ కూడా ఎక్కడా తాగడం లేదు. విజయకుమార్ గారి భార్య మొహం మాడ్చుకుంది. అది మీ మాటేనని చెప్పాక, "లస్కరు గారు మా మావగారి దగ్గర కూడా తాగేవోరు కాదండి" అని ఆవిడే నవ్వింది.

రంగు గురించి మీరు అలా రాసేసరికి మనసు చివుక్కుమంది. మీ పనిలో చెయ్యి పెట్టానని కోపం వచ్చినట్టుంది. మీ గీత అందరికీ కనబడాలనే వేశాను తప్ప ఇంకేం లేదు. తుడిచెయ్యమంటే తుడిచేస్తాను.

ఇంకో సంగతి. శివారులో ఆఖరి రెండెకరాలు కౌలుకి చేసే ముత్యాలు మీకు తెలుసు కదా, ఆయన మొన్న తూము దగ్గర నలుగురూ ఉండగా ఒక మాటన్నాడు. "అమ్మా, ఏమనుకోకండి. ఈ గీత కిందకుందండి. తుఫానుకి ముందు పాత రాయి మీద ఇంకా పైకుండేదని మా నాన్న పోయేదాకా అనేవోడండి. గీత కిందకుండబట్టి ఎగువోళ్లు రెండు పూటలు ఎక్కువ తోడుకున్నాకే మాకు వదుల్తున్నారండి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ గీత చెక్కింది మా మావయ్య, మీ నాన్న నోటి మాట ఎక్కువా, మా మావయ్య ఉలి ఎక్కువా అని అడిగేశాను. ఆయన తలగుడ్డ దులుపుకుని వెళ్లిపోయాడు. మీరు పరువు తియ్యొద్దని రాశారు, ఆ ఉత్తరం అందిన మర్నాడే నేను ఆ పని చేశాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

ఆ నోటా ఈ నోటా అది శివారంతా పాకింది. అందుకని మీరొక చిన్న సాయం చెయ్యాలి. ఆ గీత ఏ కొలతతో చెక్కారో, పాత రాయి మీద ఎంత ఎత్తుండేదో నాలుగు ముక్కలు రాసి పంపండి. ఇరవై మూడున సొసైటీలో కూర్చుంటాం. అందరి ముందూ చదివేస్తాను. మీరు రాశారంటే ఇక ఎవరూ నోరెత్తరు.

ఉమ


దిండి,
17 ఫిబ్రవరి

ఉమకి,

ఇక్కడ మనవరాలికి జలుబు చేసి తగ్గింది. కాలవలో పోటుకి ఉప్పు నీరు పైదాకా వస్తోందని పడవల వాళ్లు అనుకుంటున్నారట, భవాని కాగితం మీద రాసి చూపించింది. ఈ ఊళ్లో చుట్టూ నీరే. చేలోకి పెట్టుకుందామంటే చుక్క పనికి రాదు.

కొలతల గురించి రాయడానికి ఏముంది. ఎప్పటి మాటో. ముత్యాలుని మళ్లీ గదమాయించకు. వాళ్ల నాన్న గంగబాబు అబద్ధమాడే మనిషి కాదు. పెద్దవాళ్ల కళ్లలో ఒక్కోసారి కొలబద్ద ఉంటుంది.

నువ్వొక పని చెయ్యి. మన చేను వరకూ ఈ వంతుకి రెండు పూటల ముందే గండి కట్టేసెయ్యి. ఎందుకని అడగకు. వంతులు చూసే మనిషి తన చేలో ముందు కట్టుకుంటే మిగతావాళ్లకి చెప్పే హక్కు ఉంటుంది.

నువ్వు అడగదలుచుకున్నది వేరే ఉంటే సూటిగా అడుగు. మీ అమ్మ నీకేమైనా చెప్పి ఉంటే అదీ రాయి. తిప్పి తిప్పి అడగడం మన ఇంటా వంటా లేదు.

మావయ్య


పెదగట్టు,
27 ఫిబ్రవరి

మావయ్యగారికి,

మీ ఉత్తరం సమావేశానికి ముందు రోజే అందింది. అందరి ముందూ చదవడానికి అందులో ఏమీ లేదు కాబట్టి, మావయ్యకి ఒంట్లో బాగాలేదని అబద్ధమాడాను. మీకు నిజంగా బాగానే ఉందని నమ్ముతున్నాను.

ఇక సూటిగానే రాస్తాను. నేను ఎగువ చేనుగల దాన్ని కాబట్టి దొంగ నీరు పెట్టుకుంటున్నానని మీకెవరు చెప్పారు? బుచ్చమ్మ పిన్ని పదిహేను రోజుల కిందట అంతర్వేది వెళ్తూ దిండిలో మీ ఇంట దిగిందని నాకు తెలుసు. పిన్నికి కొబ్బరి దింపు దగ్గర నా మీద కోపం ఉంది. ఏమి రాసి చూపించిందో నాకు తెలియదు గానీ, మీరు నమ్మినందుకు ఏడుపొచ్చింది. నేను ఒక్క పూట కూడా, ఒక్క గంట కూడా గీత దాటలేదు. నీరు గీతకి దిగిన క్షణమే మన గండి మొదట కట్టేది నేనే. మీరు రెండు పూటల ముందు కట్టమంటే, ఇన్నాళ్లూ తిన్నది కక్కమన్నట్టుగా ఉంది. కట్టలేదు. తప్పు చెయ్యని దానికి శిక్ష వేసుకుంటే చేసినట్టే అవుతుంది.

అమ్మ నాకేం చెబుతుంది? అమ్మ పోయి నాలుగేళ్లయింది. మధ్యలో అమ్మనెందుకు తెచ్చారో అర్థం కాలేదు.

ఇక్కడి పరిస్థితి వినండి. కాలువకి వారం వదిలి వారం కట్టేస్తున్నారు. వదిలిన వారం కూడా నాలుగో రోజుకే నీరు గీతకి వచ్చేస్తోంది. కిందటి బుధవారం ఫోన్లలో వాన వస్తుందని వచ్చింది. ఎగువ వాళ్లు అది చూపించి, ఎలాగూ వాన శివారుకి పోస్తుంది కదా, ఇంకో పూట పెట్టుకుంటామని బతిమాలారు. నేను ఒప్పుకోలేదు. వాన అమలాపురంలో కురిసింది, ఇక్కడ ఒక్క చుక్క లేదు. మన గట్టు మీద నిలబడి మబ్బులు అటు పోవడం చూశాం.

శివారులో చేలు నెర్రెలిస్తున్నాయి. ఇంకో పదిహేను రోజుల్లో పైరు పొట్టకొస్తుంది. అప్పుడు తడి లేకపోతే గింజ బదులు తాలు మిగులుతుంది. ముత్యాలు నాతో మాట్లాడటం లేదు. ఈసారి తాలైతే కౌలు వదిలేసి రొయ్యల చెరువు కాపలాకి పోతానని భార్యతో అన్నాడట. ఆయన తండ్రి కాలం నుంచి ఆ రెండెకరాలే చేస్తున్నారు. మన చేలో మాత్రం పైరు పచ్చగానే ఉంది. దాని పక్కనుంచి నడుస్తుంటే ఈ మధ్య నాకు సిగ్గుగా ఉంటోంది, ఎందుకో తెలియదు.

మీకు నా మీద నమ్మకం లేకపోతే చెప్పండి. ఈ పని బంగారరాజు గారి మోకాళ్లకే అప్పజెప్పేస్తాను.

ఉమామహేశ్వరి


దిండి,
5 మార్చి

అమ్మా ఉమా,

బుచ్చమ్మ ఇక్కడికి వచ్చింది, జీడిపాకం ఇచ్చింది, వెళ్లింది. నీ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నువ్వు గీత దాటావని నేను కలలో కూడా అనుకోలేదు. నువ్వే అంతా తెలుసుకుని, ముసలాడి నోటితో చెప్పించాలని తిప్పి తిప్పి అడుగుతున్నావని అనుకున్నాను. నీకు ఏమీ తెలియదని నీ ఉత్తరం చదివాక గానీ అర్థం కాలేదు. కాబట్టి ఇప్పుడు చెప్పాల్సింది నేనే.

ముత్యాలు చెప్పింది నిజం. గీత రెండు వేళ్లు కిందకుంది. నేనే చెక్కాను, తెలిసే చెక్కాను.

తొంభయ్యారు తుఫానుకి నీకు ఆరేళ్లు. మీ నాన్న గోడ కూలి చనిపోవడం నీకు లీలగా గుర్తుంటుంది. ఊరు ఊరంతా కొబ్బరిచెట్లు తలలు తెగి నిలబడ్డాయి. బోదె పూడిపోయింది, తూము దగ్గర రాయి రెండు ముక్కలైంది. జనవరిలో బోదె తవ్వించి, కొత్త రాయి పాతి, గీత నన్ను చెక్కమన్నారు. పాత గీత తూము గడపకి జానెడున్నర ఎత్తున ఉండేది. ఆ కొలత నాకు నిద్దట్లో లేపి అడిగినా తెలుసు. బొగ్గుతో సరిగ్గా అక్కడే గుర్తు పెట్టాను కూడా.

ఆ రోజు మీ అమ్మ గట్టు మీద నిలబడి ఉంది. నువ్వు చెయ్యి పట్టుకుని ఉన్నావు. మీకు మిగిలింది ఆ ఎకరన్నర చేను, ఒక పాడిగేదె. చేనేమో ఎగువన. గీత రెండు వేళ్లు కిందకుంటే ఆ చేనుకి ప్రతి వంతుకీ రెండు పూటల నీరు ఎక్కువ అందుతుంది. ఈ ఒక్క పంటా చేతికొస్తే నా చెల్లెలు నిలబడుతుందనుకున్నాను. బొగ్గు గుర్తు చేత్తో తుడిచేసి కింద చెక్కాను. మీ అమ్మ నన్ను అడగలేదు. ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకో. అడగలేదు, నేను చెప్పలేదు.

వచ్చే ఏడు రాయి మార్చి సరిచేద్దామనుకున్నాను. వచ్చే ఏడు వచ్చింది. అప్పటికే ఎగువ వాళ్లూ శివారు వాళ్లూ కొట్టుకోబోయిన రోజున ఎవరో "సత్యం గారి గీత ఉంది కదండి, ఇంకేటి" అన్నారు. అందరూ తగ్గారు. గీతకి నా పేరు వచ్చేసింది. తప్పని చెబితే పేరు పోతుంది, పేరు పోతే మళ్లీ గెడ్డపారలు లేస్తాయి అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది. ఇరవై ఎనిమిదేళ్లు ఆ సుఖంలోనే ఉన్నాను.

గంగబాబు నా దగ్గరికి రెండుసార్లు వచ్చాడు. అప్పటికి నా చెవులు బాగానే పనిచేసేవి. కాలువ మోతలో వినపడనట్టు ఊరుకున్నాను. రెండోసారి ఆయన నా మొహంలోకి చూసి, "వినపడిందండి మీకు" అని వెళ్లిపోయాడు. ఇంకెప్పుడూ అడగలేదు. ఇప్పుడు నిజంగానే వినపడటం లేదు.

ఈ ఉత్తరం సొసైటీలో చదువు. ఒక్క ముక్క కూడా దాచకు. గీతని రెండు వేళ్లు పైకి మార్పించు. ఎగువ వాళ్లు నీ మీద విరుచుకుపడతారు, విజయకుమార్ ముందుంటాడు. మన చేనుకీ నీరు తగ్గుతుంది, పొట్టదశలో తగ్గుతుంది. అది నాకు తెలిసే రాస్తున్నాను. నీకు న్యాయం చేసినవాణ్ణి కాను నేను. నీకు తెలియకుండా నిన్ను కూడా ఇందులో కూర్చోబెట్టాను.

మావయ్య


పెదగట్టు,
13 మార్చి

మావయ్యా,

మీ ఉత్తరం గట్టు మీద నిలబడి చదివాను. చదివి జాకెట్టులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. మీ మీద కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. ముత్యాలుని నలుగురిలో ఆ మాటన్నది నేను. ఆయన తండ్రి నిజం చెప్పాడు, నేను ఆయన్ని అబద్ధీకుణ్ణి చేశాను. అది మీ వల్ల అన్నాను, కాని నోరు నాదే.

మూడో రోజు తెల్లారి తూము దగ్గరికి వెళ్లాను. అంతకు ముందు రోజే నీరు వదిలారు. రాయి దగ్గర కూర్చుని, మీరు రాసిన రెండు వేళ్లు ఎంతో చూద్దామని గీత మీద వేళ్లు పెట్టాను.

అమ్మ పెట్టేది అక్కడే మావయ్యా. గీత మీద కాదు, గీతకి పైన. రెండు వేళ్లూ అడ్డంగా ఆనించి, నీరు పైవేలి అంచుకి దిగిందా లేదా అని చూసేది. దిగిందంటే వెంటనే వెళ్లి మన గండి కట్టేసేది. ఇంకా గీతకి దిగలేదు కదమ్మా అని నేను అడిగేదాన్ని. "మనకి చాలు" అనేది. ఎప్పుడూ ఆ ఒక్క మాటే. నీళ్లంటే భయమో, బద్ధకమో, దేవుడి మీద భక్తో అనుకున్నాను. తడి వేళ్లు కళ్లకద్దుకునేది కాబట్టి మీ గీతకి దణ్ణం పెడుతోందనుకున్నాను.

అమ్మకి మొదటి రోజు నుంచీ తెలుసు. మీరు బొగ్గు తుడవడం గట్టు మీద నుంచి చూసి ఉంటుంది. మిమ్మల్ని నలుగురిలో పెట్టలేదు, ఎగువ వాళ్లందరినీ ఆపలేకపోయింది. తన గండి మాత్రం ఇరవై నాలుగేళ్లు పాత గీతకే కట్టింది. మీరు ఇచ్చిన ఆ రెండు పూటల నీరు అమ్మ ఒక్కసారీ తీసుకోలేదు. తీసుకున్నది నేను, అమ్మ పోయాక ఈ నాలుగేళ్లు. గీతకి దిగిన క్షణమే కడుతున్నానని మీకు గొప్పగా రాశాను కూడా.

ఆదివారం సొసైటీలో అందరినీ కూర్చోబెట్టి ఉత్తరం చదివాను. మీరు చెప్పినట్టే ఒక్క ముక్క దాచలేదు. తర్వాత అమ్మ వేళ్ల సంగతి చెప్పాను. విజయకుమార్ గారు లేచి, పొట్టదశలో ఈ కథలన్నీ ఏంటండి, పంటయ్యాక చూసుకుందాం అన్నారు. ఎగువ వాళ్లు నలుగురు ఆయన వెంట అన్నారు. నేను వాదించలేదు. ఈ వంతుకి రెండు వేళ్లు పైనుండగానే నా గండి కడతాను, మీ ఇష్టం మీది అన్నాను. అన్నట్టే సోమవారం పొద్దున్నే కట్టేశాను. మధ్యాహ్నం విజయకుమార్ గారి భార్య వచ్చి గట్టు మీద నిలబడి కాసేపు చూసింది. సాయంత్రానికి వాళ్ల గండి కూడా కట్టి ఉంది. ఎవరు కట్టారని నేను అడగలేదు. మిగతావాళ్లు మర్నాటికి కట్టారు, ఒకరిద్దరు గొణుక్కుంటూనే.

శివారు ఆఖరి చేనులోకి నీరు నిన్న చేరింది. నేను ముత్యాలు చేను గట్టు మీదికి వెళ్లి, ఆ రోజు అన్నదానికి క్షమించమని అడిగాను. ఆయన చేతిలో మట్టి కడుక్కున్నాడు. తర్వాత, "మా నాన్నుంటే బాగుండునండి" అన్నాడు.

మన చేలో కింది మడి వాడుముఖం పట్టింది. నాలుగైదు బస్తాలు పోతాయేమో. మీ అల్లుడికి ఫోన్‌లో చెప్పాను, ముందు కసిరి, తర్వాత అత్తయ్య గారు అంత పని చేసేరా అని అడిగి ఊరుకున్నారు.

గీత ఎవరు చెక్కాలన్న దగ్గర మాట ఆగింది. మేస్త్రీని పిలుద్దామంటే ముత్యాలే వద్దన్నాడు. "లస్కరు గారే వచ్చి చెక్కాలండి. వేరేవోళ్లు చెక్కితే రేపు మళ్లీ ఎవడో ఒకడు కాదంటాడు. ఆయన తప్పు ఆయన చేత్తోనే దిద్దితే ఇంకెవడూ ఎత్తడండి" అన్నాడు. అందరూ సరే అన్నారు. రావడానికి మీకు మొహం చెల్లదని నాకు తెలుసు. నాకు మీ మీద కోపం ఉందని పైన రాశాను. అయినా రండి. తెల్ల రంగు నేను గీకేశాను.

ఉమ


దిండి,
18 మార్చి

ఉమా,

నీ ఉత్తరం భవానిని కూడా చదవమన్నాను, నేను తప్పుగా చదివానేమోనని. తప్పు చదవలేదు. మీ అమ్మకంటే నేను పెద్దవాణ్ణని ఇన్నాళ్లూ అనుకున్నాను. రాత్రి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను, భవాని కంగారు పడింది.

వచ్చే గురువారం వస్తాను. అమలాపురంలో బస్సు మారి, పది గంటలకి ముక్తేశ్వరం సెంటర్లో దిగుతాను. ఆటో నేనే మాట్లాడుకుంటాను, ఎవరూ రానక్కర్లేదు. ఉలి, సుత్తి నా దగ్గరే ఉన్నాయి, అప్పటివే. కొలత నా చేత్తో తియ్యను. వేళ్లు సన్నబడ్డాయి, నమ్మకం కూడా పోయింది. ముత్యాలుని తూము దగ్గర ఉండమను. పాత గీత ఎక్కడుండేదో గంగబాబు కొడుకే చెయ్యి పెట్టి చూపించాలి, నేను అక్కడ చెక్కుతాను.

విజయకుమార్ వాళ్లనీ రమ్మను. తిట్టేవాళ్లు ఉంటే తిట్టనీ, మధ్యలో ఎవరూ ఆపొద్దు. చెవి మిషను డబ్బాలోంచి తీసి, భవాని చేత బ్యాటరీ మార్పించాను. పెట్టుకునే వస్తున్నాను.

మావయ్య